కుస్కో నుంచి మాను అడవి దాకా: ఆండీస్ మట్టి రోడ్ల మీద బావా నేనూ

మొదటి రోజు: కుస్కో

పెరూ వెళ్తున్నామనగానే అందరూ అడిగింది ఒకటే: "మాచూపీచూ చూస్తారుగా?" చూడం. ఆ పాత రాతి నగరం మా దారిలో లేదు. మేం మోటారుసైకిళ్ల మీద తిరగబోయేవి దానికి అటూ ఇటూ కొండల్లో ఉన్న మట్టి రోడ్లు. ఆండీస్ కనుమలు ఎక్కడం, అవతలి వైపు అమెజాన్ అడవి అంచు దాకా దిగడం, మళ్లీ ఎక్కడం, మళ్లీ దిగడం. ముందు గైడు బండి, వెనకాల సామాన్లు, స్పేర్ పార్టులు, ఒక ఆక్సిజన్ సిలిండరు వేసుకుని పికప్. మధ్యలో మేం నలుగురం: బావా నేనూ, జర్మనీ నుంచి వచ్చిన రిటైర్డ్ ఇంజనీరు ఒకాయన, లీమాలో డాక్టరు చేస్తున్న ఒకమ్మాయి.

కుస్కో 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే. హోటల్లో రెండో అంతస్తుకి బ్యాగు మోసుకెళ్లేసరికి బావ మంచం మీద కూలబడ్డాడు. "ఏటి బావా, గుండె చెవుల్లో కొట్టుకుంటంది." నౌపడ మనిషి, సముద్రపు గాలికి అలవాటు పడ్డ ఊపిరితిత్తులు. డాక్టరమ్మాయి నాడి చూసి, ఈ రోజుకి మద్యం ముట్టొద్దు, కడుపు నిండా తినొద్దు, నీళ్లు తాగుతూ ఉండమంది. హోటల్ వాళ్లు వేడినీళ్లలో కోకా ఆకులేసి పెద్ద కప్పు తెచ్చిపెట్టారు. పచ్చిగడ్డి వాసన. తలనొప్పి తగ్గిందో, తగ్గిందని అనుకున్నామో గాని రాత్రికి నిద్రపట్టింది.

అంతకుముందు సాయంత్రం షెడ్డులో బండ్లు చూశాం. హోండా ఎక్స్‌ఆర్ 250 టోర్నాడో. మన దగ్గర అమ్మరు. ఎత్తైన సీటు, గాలితో చల్లబడే ఇంజను, కార్బ్యురేటర్. పెట్రోలుని సెన్సర్లతో కొలిచి పంపే ఇంజెక్షన్ బండి ఇస్తారనుకున్న బావ మొహం చిన్నబోయింది. గైడు నవ్వాడు. కార్బ్యురేటర్ అయితే రోడ్డు పక్కన కూర్చుని స్క్రూడ్రైవరుతో బాగుచేస్తానని, ఇంజెక్షన్ బండిలో సెన్సరు పోతే పికప్ ఎక్కించాల్సిందేనని అన్నాడు. ఇక్కడి పల్చటి గాలికి తగ్గట్టు చిన్న జెట్లు, అంటే పెట్రోలు వచ్చే రంధ్రాలు, వేశారట. లేకపోతే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు నల్లబడుతుంది, బండి దగ్గుతుంది. అదే బండితో అడవిలోకి దిగితే కథ తిరగబడుతుంది. గాలి చిక్కనై మిశ్రమం పల్చబడి ఇంజను వేడెక్కుతుంది. అందుకే కింద గంటలకొద్దీ ఫుల్ థ్రాటిల్ పెట్టొద్దని ముందే చెప్పాడు.

టైర్ల సంగతీ అంతే. కనుమ మీద నింపిన గాలి లోయలోకి దిగాక గేజీలో రెండు మూడు పాయింట్లు తక్కువ చూపిస్తుంది, ఎక్కడా పంక్చరు లేకుండానే. కింద బయటి గాలి ఒత్తిడి పెరుగుతుంది కదా. అందుకని ఈయన రోజుకి రెండుసార్లు గేజీ పెడతాడు. ఈ ప్రయాణానికి కిలోమీటర్ల లెక్క దండగ అని ఆ షెడ్డులోనే తెలిసింది. ఎంత ఎక్కాం, ఎంత దిగాం, అదే దూరం.

రెండో రోజు: చిన్చెరో, మరాస్, ఒయాంతాయ్‌తాంబో

ఇక్కడ బండి రోడ్డుకి కుడివైపు నడపాలి. ఊరు దాటేవరకు బావ హెల్మెట్‌లో "కుడి, కుడి, కుడి" అని జపం చేస్తూనే ఉన్నాడు. గైడు పెట్టిన పద్ధతి సులువైనది. మలుపు వచ్చినచోట తన వెనకున్న బండిని ఆపి, వేలితో దారి చూపించి తను వెళ్లిపోతాడు. ఆగినవాళ్లు మిగతా అందరికీ దారి చూపిస్తూ పికప్ వచ్చేదాకా అక్కడే నిలబడాలి. ఆ తర్వాత వరసలో చివర చేరాలి. దాంతో ఎవడి వేగం వాడిదే. దుమ్ములో ఒకరి వెనకాల ఒకరు దగ్గుకుంటూ పోవక్కర్లేదు.

చిన్చెరో దాటాక తారు వదిలేశాం. గోధుమరంగు పీఠభూమి, కోతకొచ్చిన బార్లీ, ఆ వెనక మంచు కొండల వరస. మొదటిసారి ఫుట్‌రెస్ట్‌ల మీద నిలబడి నడిపినప్పుడు మోకాళ్లు వణికాయి. గంటలో కుదుటపడ్డాయి. మొరాయ్‌లో ఇంకాలు, అంటే స్పెయిన్ వాళ్లు రాకముందు ఇక్కడ ఏలినవాళ్లు, తవ్విన గుండ్రటి మెట్లు చూశాం. అది పంటల ప్రయోగశాల అని కొందరు పరిశోధకుల ఊహ. అవునో కాదో గాని, అంత పెద్ద గుంతలో వాననీరు నిలవకుండా ఇంకిపోయేలా కట్టడమే నాకు వింతగా అనిపించింది.

మరాస్ దగ్గర మాత్రం చాలాసేపు ఉండిపోయాం. బావ కదల్లేదు. లోయ వాలు మీద మూడు వేలకి పైగా ఉప్పు మడులు, తెల్లగా, బూడిదరంగుగా, కొన్ని లేత గులాబీగా. కొండ కడుపులోంచి ఒకే ఒక ఊట వస్తుంది, ఉప్పు నీళ్లతో. జానెడు వెడల్పు కాలువలో అది మడి నుంచి మడికి పాకుతుంది. ఎవరి మడి నిండితే వాళ్లు రాయి అడ్డంపెట్టి గండి మూసేస్తారు. మడులు చుట్టుపక్కల కుటుంబాల సొంతం. ఇంకాల కన్నా ముందు నుంచే ఇక్కడ ఉప్పు తీస్తున్నారు. మునుపు పర్యాటకుల్ని మడుల మధ్యకి దిగనిచ్చేవాళ్లట, ఇప్పుడు పైనుంచి చూడాల్సిందే.

"సముద్రం నేకుండా ఉప్పేటి బావా!" అన్నాడు బావ. నౌపడలో ఉప్పు కొటార్ల మధ్య పెరిగినవాడు. ఒక ముసలాయన చెక్క పలకతో మడిలో ఉప్పు లాగుతుంటే గట్టు మీద నుంచి పనిచూస్తున్న మేస్త్రీలా తల ఊపాడు. పైపొర నెమ్మదిగా తియ్యాలి, అడుగు కదిపితే మట్టి కలుస్తుంది, చూడు ఎలా తీస్తున్నాడో అని నాకు చెబుతున్నాడు. ఇద్దరి చేతులూ ఒకేలా కదులుతున్నాయి. కిందకొచ్చాక మూడు రకాల ఉప్పు కొన్నాడు. ఆ బరువు యాత్ర అయ్యేవరకు పికప్ మోసింది.

సాయంత్రం ఒయాంతాయ్‌తాంబోకి దిగే దారిలో ఒక ఇంటి ముందు పొడుగాటి కర్రకి ఎర్ర ప్లాస్టిక్ సంచి కట్టి ఉంది. అంటే లోపల చిచా ఉందని. మొలకెత్తిన మొక్కజొన్నని ఉడకబెట్టి పులియబెట్టిన కల్లు. గైడు బండ్లు ఆపలేదు. నడిపే రోజు చుక్క ముట్టకూడదన్నది అతని నియమం. హోటల్ చేరి తాళాలు తీసుకున్నాక తనే వెళ్లి ఒక కూజా పట్టుకొచ్చాడు. తాగేముందు కొంచెం నేలమీద పోశాడు. భూమాతకి, పాచామామాకి, మొదటి గుక్క.

మూడో రోజు: అబ్రా మాలగా

ఒయాంతాయ్‌తాంబో 2,800 మీటర్ల దగ్గర ఉంటుంది. అబ్రా మాలగా కనుమ 4,316. అక్కణ్నుంచి సాంతా మరియాకి దిగితే 1,200. పొద్దున్న థర్మల్ బనీను, మధ్యాహ్నానికి చెమట. రోడ్డు తారే, కానీ మెలికలు మెలికలు. పైకి పోయేకొద్దీ బండి నీరసపడింది. గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే అరవై శాతం దగ్గరకి పడిపోయింది, బండి శక్తీ దాదాపు అంతే పడుతుంది. నాలుగో గేరులో పోయే వాలు మూడో గేరడిగింది, తర్వాత రెండోది. బావని దాటిపోయిన కూరగాయల లారీ డ్రైవరు చెయ్యూపాడు.

కనుమ మీద మంచు కొండ వెరోనికా మబ్బుల్లోంచి ఒక్క నిమిషం మొహం చూపించింది. అక్కడ రాళ్లు పేర్చిన చిన్న గుట్టలున్నాయి. దారినపోయేవాళ్లు ఒక్కొక్క రాయి పెడుతూ కట్టినవి. గైడు సంచిలోంచి మూడు చక్కటి కోకా ఆకులు ఏరి, విసనకర్రలా పట్టుకుని, వాటి మీద ఊది, పెదవులు కదిపి, రాళ్ల సందులో పెట్టాడు. తర్వాత తను కొన్ని ఆకులు దవడలో పెట్టుకుని, బూడిదతో చేసిన నల్లటి ముద్దని గోటితో గిల్లి కలుపుకున్నాడు. దాన్ని లిప్తా అంటారు. తమలపాకుకి సున్నం ఎలాగో దీనికి ఇది అలాగ. క్షారం తగిలితేనే ఆకులోని సారం ఊరుతుంది. బావకి ఇది ఎవరూ వివరించక్కర్లేకపోయింది. చెయ్యి చాపి, "కొద్దిగా ఎక్కువే ఎయ్యి బాబూ" అన్నాడు తెలుగులోనే. గైడు ఎక్కువే వేశాడు. పావుగంటసేపు బావ నాలుక మొద్దుబారి మాట్లాడలేదు. మాకు ఆ పావుగంట ప్రశాంతం.

దిగుడు మొదలవగానే మబ్బులోకి పోయాం. అద్దం మీద తడి, రోడ్డు మీద పైనుంచి పారుతున్న వాగులు. ఆ తడిలో లోతట్టు మలుపులు. తర్వాత ఉన్నట్టుండి పచ్చదనం, అరటి చెట్లు, ఉక్క.

సాంతా మరియా నుంచి సాంతా తెరెసాకి పోయే రోడ్డు గురించే అందరూ భయపెట్టారు. మేం వెళ్లినప్పుడు చాలామేర మట్టే. కొండ పక్కని చెక్కి దారి చేశారు. ఒక పక్క గోడలా కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. కింద, చాలా కింద, విల్కనోతా నది. మలుపు ముందు హారన్ కొట్టమని బోర్డులు. కొడితే అటునుంచి జవాబు వస్తుంది, అప్పుడు ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. మాచూపీచూకి చవకలో పోయే కుర్రాళ్లని మోసే వ్యాన్లు ఈ దారినే వస్తాయి, వాటి డ్రైవర్లకి వెనక్కి పోవడమంటే నామోషీ. గైడు ఒకటే చెప్పాడు: లోయవైపు చూడొద్దు, చూసినవైపుకే బండి పోతుంది. అది ఎంత నిజమో మొదటి మలుపులోనే తెలిసింది. చూపు మలుపు చివర పెడితే చేతులు వాటంతటవే తిరుగుతాయి.

సాంతా తెరెసా కొత్త ఊరు. 1998లో కొండల్లోంచి బురద, బండరాళ్లు కలిసిన వరద వచ్చి పాత ఊరిని ఊడ్చేసింది. కియాబాంబా దాకా పోయే రైలు మార్గమూ అప్పుడే పోయింది, మళ్లీ వెయ్యలేదు. మిగిలిన వాళ్లు పైన గట్టు మీద ఇళ్లు కట్టుకున్నారు. ఊరికి కాస్త దూరంలో నది ఒడ్డున కోకల్మాయో వేడినీటి కొలనులు. నీళ్లలో మెడదాకా మునిగితే రోజంతా బిగబట్టిన భుజాలు వదులయ్యాయి. జర్మనీ పెద్దాయన కొలనులోనే నిద్రపోయాడు, డాక్టరమ్మాయి ఒక కన్ను ఆయన మీదే ఉంచింది.

నాలుగు, అయిదు రోజులు: కియాబాంబా, లారెస్ మీదుగా కాల్కా

కియాబాంబా మైదానాల మనిషికి ఇట్టే నచ్చే ఊరు. 1,050 మీటర్లు, మామిడిచెట్లు, ఫ్యాన్లు, వీధి నిండా ఆటోలు. ఆటోల మీద పేరు చూసి బావ గట్టిగా అరిచాడు: బజాజ్! పెరూ అంతటా మూడు చక్రాల టాక్సీల్లో బజాజే ఎక్కువ. ఇక్కడ దాన్ని తొరీతో అంటారు, కోడెదూడ అని. సీట్లకి మెరిసే కుచ్చులు, అద్దం మీద మేరీమాత, స్పీకర్లలో కూంబియా పాటలు. బావ ఒక ఆటో అతనితో పది నిమిషాలు చేతులతోనే మాట్లాడి, క్లచ్ కేబుల్ ఖరీదు కూడా కనుక్కొచ్చాడు.

ఇది లా కొన్వెన్సియోన్ ప్రాంతం. కాఫీ, కోకో, కోకా. కొకైన్ తీసేది దీంట్లోంచే అయినా కోకా ఆకు ఇక్కడ చట్టబద్ధం. రిజిస్టరైన రైతు నుంచి ఎనాకో అనే ప్రభుత్వ సంస్థ కొంటుంది. మేం ఒక కాఫీ తోటలో ఆగాం. ఇంటి ముందు టార్పాలిన్ మీద గింజలు ఆరబోసి ఉన్నాయి, కోడి వాటి మీద నడుస్తోంది. ఆ ఇంటి పెద్ద తన తాత రోజుల గురించి చెబితే గైడు తర్జుమా చేశాడు. ఈ లోయంతా అప్పుడు హసియెండాల, అంటే పెద్ద ఎస్టేట్ల, దొరలది. రైతుకి కాస్త నేల ఇచ్చినందుకు బదులుగా నెలలో కొన్ని రోజులు దొర పొలంలో కూలి లేకుండా చెయ్యాలి. వెట్టి అన్నమాట. 1960ల మొదట్లో ఈ కౌలు రైతులు సంఘాలు కట్టి పనిమానేశారు. ఊగో బ్లాంకో వాళ్లకి నాయకుడు. 1963లో ఆయన్ని పట్టుకుని జైల్లో పెట్టారు, కానీ ఈ లోయలో నేల దున్నేవాడి చేతికి రావడం అప్పుడే మొదలైంది. దేశమంతటికీ భూసంస్కరణ చట్టం వచ్చింది 1969 జూన్ 24న, జనరల్ బెలాస్కో సైనిక ప్రభుత్వంలో. బ్లాంకో 2023లో పోయాడు. ముసలాయన తన పట్టా కాగితం లోపల్నుంచి తెచ్చి చూపించాడు, ప్లాస్టిక్ కవరులో మడత నలగకుండా దాచింది.

మర్నాడు మళ్లీ ఎక్కుడు. యనాతిలే లోయ వెంబడి లారెస్ దాకా, అక్కణ్నుంచి నాలుగు వేల మీటర్లు దాటిన కనుమ మీదుగా కాల్కాకి. పొడవైన రోజు. దుమ్ము, గొర్రెల మందలు, బండి వెంటపడే కుక్కలు. కుక్కలకి గైడు చెప్పిన మందు: వేగం తగ్గించి, దగ్గరకొచ్చాక ఒక్కసారిగా లాగించాలి, వాటి అంచనా తప్పుతుంది. నాలుగింట మూడుసార్లు పనిచేసింది. నాలుగోసారి గుర్తుగా పెద్దాయన బూటు మీద పళ్ల గాట్లున్నాయి.

ఆరో రోజు: బంగాళాదుంపల దారి

పీసక్ నుంచి చవాయ్‌తిరే, కోల్కెపాతా మీదుగా పౌకర్‌తాంబో. యాత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన రోడ్డు ఇదే. జనం తక్కువ, ఎర్రమట్టి గట్టిగా పరుచుకుని ఉంది, మలుపులన్నీ ముందే కనిపిస్తాయి. పీసక్ పైనున్న, క్వెచువా భాష మాట్లాడే ఊళ్లు కలిసి ఇక్కడ బంగాళాదుంపల వనం ఒకటి నడుపుతున్నాయి. ఒక్క ఈ కొండల్లోనే వెయ్యికి పైగా రకాలు పండిస్తారు. ఊదావి, నల్లవి, వేలు లాంటివి, పైనాపిల్ లాగా బుడిపెలున్నవి. ఏ రకం ఏ ఎత్తులో పండుతుందో వాళ్లకి తెలుసు. వందేళ్లకో ఏభై ఏళ్లకో కాదు, ఏటా ఎండలు పెరిగి చీడ పైకి పాకుతోంది. కాబట్టి వీళ్లూ దుంపల్ని ఇంకాస్త పైకి నాటుతున్నారు.

కనుమ దాటాక గడ్డి మైదానంలో ఒకావిడ కనిపించింది. నేలమీద వందల దుంపలు పరిచి, వాటి మీద ఒట్టికాళ్లతో తొక్కుతోంది. గైడు "మమాయ్", అంటే అమ్మా, అని పలకరించి, దూరంగానే హెల్మెట్ తీశాడు. మేమూ తీశాం. జూన్ నెల. రాత్రిళ్లు నీళ్లు గడ్డకట్టే చలి, పగలు చర్మం కాల్చే ఎండ. దుంపల్ని రాత్రి ఆరుబయట వదిలేస్తే గడ్డకడతాయి. పొద్దెక్కాక మెత్తబడతాయి. అప్పుడు తొక్కితే నీరంతా కారిపోతుంది, తొక్క ఊడిపోతుంది. ఇలా కొన్ని రాత్రులు, కొన్ని పగళ్లు. ఆవిడ మడమలు దుంప మీద ఆన్చి సగం చుట్టు తిప్పుతోంది, మళ్లీ పక్క దుంప. కాలివేళ్ల మధ్య నుంచి బూడిదరంగు నీళ్లు. ఆ చలిలో ఆవిడ పాదాలు ఎర్రబడి పగుళ్లు తేలి ఉన్నాయి. తయారైనదాన్ని ఒకటి తీసి బావ చేతిలో పెట్టింది. నల్లగా, గట్టిగా, బరువే లేదు. చూన్యో. ఏళ్ల తరబడి నిలవుంటుంది, వేడినీళ్లలో నానబెడితే కూరకి సిద్ధం. ఇంకా తెల్లగా కావాలంటే వాగులో కొన్ని వారాలు నానబెట్టి ఆరబెడతారు, దాన్ని మొరాయా అంటారు. గొప్పలు చెప్పుకునే ఫ్రిజ్జుల ప్రకటనలన్నీ గుర్తొచ్చి నాకు కాస్త సిగ్గేసింది.

పౌకర్‌తాంబో 2,900 మీటర్ల దరిదాపుల్లో ఉన్న ఊరు. తెల్ల గోడలు, నీలం తలుపులు, నది మీద స్పెయిన్ రాజు కార్లోస్ మూడో వాడి పేరుతో రాతి వంతెన. జులై నడిమిలో ఇక్కడ కార్మెన్ మాత జాతర. మేం నెల ముందే వచ్చాం, కాబట్టి గైడు ఫోనులోని వీడియోలతో సరిపెట్టుకున్నాం. ముసుగుల నాట్యాలు చాలానే ఉన్నాయి గాని నన్ను పట్టుకున్నది చుక్చు. పసుపు మొహాల ముసుగులు వేసుకుని వణికిపోతూ ఆడతారు. కింద అడవిలోని హసియెండాల్లో కూలికి పోయి మలేరియాతో తిరిగొచ్చిన వాళ్ల నాట్యమది. వెనకాలే ఒక నర్సు పెద్ద సిరంజితో తరుముతూ ఉంటుంది. జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వుతారు.

నేను హైదరాబాదులో ఉంటాను. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నది మన సికింద్రాబాదులోనే. అప్పటికే ఆ జ్వరానికి ఉన్న మందు క్వినైన్ ఈ ఆండీస్ వాలుల్లో పెరిగే సింకోనా బెరడులోంచి వచ్చింది. 1860లలో నీలగిరుల్లో వేసిన సింకోనా తోటలు ఈ ఖండం నుంచి తరలించిన విత్తనాలతో వేసినవే. పెరూ జాతీయ చిహ్నం మీద ఇప్పటికీ ఆ చెట్టు ఉంది. గైడుకి ఇదంతా చెబితే శ్రద్ధగా విని, ఆ బెరడు కషాయం తన చిన్నప్పుడు అమ్మమ్మ తాగించేదని, ఇప్పటికీ ఆ చేదు మర్చిపోలేదని అన్నాడు.

ఏడో రోజు: అక్‌హనాకో నుంచి మబ్బు అడవిలోకి

పౌకర్‌తాంబో నుంచి మూడున్నర వేల మీటర్ల అక్‌హనాకో కనుమకి ఎక్కాం. మాను జాతీయ వనం బోర్డు ఇక్కడే ఉంటుంది. 1973లో ఏర్పడింది, 1987 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. కనుమకి ఇటువైపు ఎండిన గడ్డి, అటువైపు తెల్లటి మబ్బు. ఏ మాత్రం అతిశయోక్తి లేదు, గీత గీసినట్టే. అమెజాన్ మీద నుంచి వచ్చే తేమగాలి ఈ కొండకి కొట్టుకుని ఇక్కడే కక్కేస్తుంది.

కోస్‌నిపాతా లోయలోకి దిగే ఈ రోడ్డు ఒకే బండి వెడల్పు. ఒకప్పుడు ఒక రోజు దిగేవాళ్లకి, మర్నాడు ఎక్కేవాళ్లకి అని వంతులు పెట్టి నడిపేవాళ్లట. ఇప్పుడు వంతుల్లేవు, హారన్లు ఉన్నాయి. తడి మట్టి, గులకరాళ్లు, పైనుంచి రోడ్డు మీదకే దూకే జలపాతాలు. ఇంజను బ్రేకుతోనే దిగాలి, రెండో గేరు, క్లచ్ వదిలేసి. వెనక బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుని పక్కకి జారుతుంది. డాక్టరమ్మాయి ఇక్కడ మా అందరికన్నా బాగా నడిపింది. చిన్నప్పుడు తండ్రితో ఇసుకదిబ్బల మీద నేర్చుకుందట. మేం చెట్టుకొమ్మల్లా బిగుసుకుని దిగుతుంటే ఆమె పాట పాడుకుంటూ పోయింది.

మూడు వేల మీటర్ల దగ్గర వాయ్‌కెచా పరిశోధన కేంద్రం. ఈ వాలు మీద వేర్వేరు ఎత్తుల్లో పరిశోధకులు 2003 నుంచి చెట్లకి అంకెలు తగిలించి కొలుస్తూ వస్తున్నారు. 2011లో ప్రచురించిన వాళ్ల లెక్క ప్రకారం చెట్ల జాతులు సగటున ఏటా రెండున్నర నుంచి మూడున్నర మీటర్ల చొప్పున పైకి జరుగుతున్నాయి. చెట్టు లేచి నడవదు కదా. వేడెక్కిన కింది అంచున చచ్చేవి ఎక్కువ, పై అంచున మొలిచేవి ఎక్కువ. దుంపలు నాటేవాళ్లూ, ఈ చెట్లూ ఒకే వైపు ఎక్కుతున్నారు. పైన గడ్డి మైదానం అంచుకి వచ్చేసరికి మాత్రం చెట్లకి ఆ జోరు లేదు.

రాత్రి సాన్ పెద్రో దగ్గర చెక్క గదుల్లో పడుకున్నాం. 1,500 మీటర్లు. బట్టలేవీ ఆరలేదు, ఆ తర్వాతా ఆరలేదు.

ఎనిమిదో రోజు: పిల్కోపాతా, అతలాయా, వాగు

తెల్లవారకముందే లేపి ఒక చిన్న చెక్క మంచె దగ్గరికి తీసుకెళ్లారు. తుంకి పిట్టల ఆటస్థలం. పెరూ జాతీయ పక్షి. మగవి నారింజ ఎరుపు తలలూ నల్ల రెక్కలతో కొమ్మల మీద వంగి వంగి లేస్తూ పంది గుర్రుమన్నట్టు అరుస్తాయి. ఆడది వచ్చి చూసి వెళ్లిపోయింది. "ఇంత ఆడినా నచ్చనేదు" అని బావ వాటి తరఫున బాధపడ్డాడు.

అడవిలోకి దిగుతున్నాం, ఇక ఉక్కే అనుకుని పల్చటి చొక్కాలు వేసుకున్నాం. పిల్కోపాతా ఆరొందల మీటర్ల దరిదాపే. కానీ ఆ రోజు ఫ్రియాహే వచ్చింది. వానలు తగ్గే ఈ నెలల్లో దక్షిణం నుంచి, ఖండం కొసనున్న పటగోనియా వైపు నుంచి చలిగాలి ఒక్కోసారి అమెజాన్ దాకా దూసుకొస్తుంది. సన్నటి తుంపర, దవడలు కొట్టుకునే చలి. అరటితోటల మధ్య ఉన్ని టోపీలు పెట్టుకున్న జనం. పాకహోటల్లో వేయించిన యూకా తిన్నాం, అంటే కర్రపెండలమే. సామర్లకోట సగ్గుబియ్యం మిల్లులకి పోయే దుంప పుట్టింది ఈ ఖండంలోనే. పక్కనే కేరోస్ అనే ఊరు, వాచిపాయిరి ఆదివాసులది. వాళ్ల ఎషూవా పాటలు జబ్బు తగ్గించడానికి పాడేవి, అడవి జంతువుల దగ్గర నేర్చుకున్నవని వాళ్ల నమ్మకం. పాడేవాళ్లు తగ్గిపోతుంటే 2011లో యునెస్కో అత్యవసరంగా కాపాడాల్సిన వాటిలో చేర్చింది.

అతలాయా దారిలో రోడ్డుకి అడ్డంగా వాగులు. ఒకదాని దగ్గర గైడు బూట్లతోనే దిగి నడిచి చూసి, ఎక్కడి నుంచి ఎక్కడికి రావాలో రాళ్లు పాతి చూపించాడు. మేం దాటాం. పెద్దాయన బండి నడుమలో గుండ్రాయి మీద జారి ఒరిగిపోయింది. ఇంజను ఒక్క గుటక వేసి ఆగింది. ఆయన చెయ్యి స్టార్టరు మీదకి పోతుంటే గైడు ఒక్క అరుపు అరిచాడు. సిలిండర్లో నీళ్లుండగా స్టార్టరు నొక్కితే నీళ్లు నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఒడ్డుకి లాగాం. గైడు మోకాళ్ల మీద కూర్చుని పని మొదలెట్టాడు. సీటు తీసి, ఎయిర్ ఫిల్టరు బయటికి లాగి బట్ట పిండినట్టు పిండాడు. ఎయిర్ బాక్సు కింది గొట్టం మూత తీస్తే గ్లాసుడు నీళ్లు. కార్బ్యురేటర్ గిన్నె అడుగు స్క్రూ వదిలితే పెట్రోలుతో పాటు నీటి బుడగలు అరచేతిలోకి జారాయి. స్పార్క్ ప్లగ్గు విప్పాక మమ్మల్ని పక్కకి జరగమని స్టార్టరు నొక్కాడు. ప్లగ్గు రంధ్రంలోంచి నీళ్లు పిచికారీలా కొట్టాయి. తుంపర తగ్గేదాకా నొక్కి, చివరికి ఆయిల్ తీసి వేళ్ల మధ్య రుద్ది చూశాడు. పాలలా తెల్లబడలేదు, అంటే అందులో నీళ్లు కలవలేదు. ప్లగ్గు లైటరుతో ఆరబెట్టి బిగించాడు. నాలుగోసారికి దగ్గింది, అయిదోసారికి పలికింది. పెద్దాయన నలభై ఏళ్లు ఇంజన్ల ఫ్యాక్టరీలో చేశాడట. చెయ్యి చాపి గైడు నల్లటి అరచేతిని పట్టుకుని ఊపాడు, మాట్లాడలేదు. క్లచ్ లివరు మాత్రం సగానికి విరిగింది. మిగిలిన ముక్కని రెండు వేళ్లతో లాగుతూ అతలాయా రేవు చేరాడు. అక్కణ్నుంచి మాను లోపలికి పోవాలంటే పడవే. మేం నది చూసి, వేడి చాక్లెట్ తాగి వెనక్కి తిరిగాం.

తొమ్మిదో రోజు: మళ్లీ కుస్కో

ఆరొందల నుంచి మూడున్నర వేలకి ఒకే రోజులో. పొద్దున్న బండి హాయిగా గర్జించింది, మధ్యాహ్నానికి మళ్లీ ఆయాసం. మాకూ అంతే. తిరుగుదారిలో నినమార్కా దగ్గర ఇంకాల కన్నా పాత సమాధి గోపురాలు చూసి, హువాంబుతియో దగ్గర తారెక్కాం. కుస్కో సాయంత్రపు ట్రాఫిక్‌లో అందరం కుడివైపే ఉన్నాం, జపం అక్కర్లేకుండా.

షెడ్డులో బురద కడిగాక లెక్కలు తేల్చారు. విరిగిన లివరు, నాది వంగిన ఇండికేటరు, బావ బండి అద్దం. డిపాజిట్టులోంచి పట్టుకుంటామని కాగితం చేతిలో పెట్టారు. బావ ధర చూసి కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. కియాబాంబాలో ఆటో అతను చెప్పిన క్లచ్ కేబుల్ రేటు గుర్తుచేసి బేరం మొదలెట్టాడు. అది బజాజ్, ఇది హోండా అని గైడు ఎంత చెప్పినా వినలేదు. అరగంటకి అద్దం డబ్బులు మాఫీ అయ్యాయి. బదులుగా మరాస్ ఉప్పులో ఒక పొట్లం షెడ్డు మేస్త్రీకి పోయింది.